వ్యాపారం చుట్టూ ఉన్న ప్రపంచాన్ని చదవడం ఎలా? బాహ్య వాతావరణ విశ్లేషణపై తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాపారాలకు ప్రణాళికలు తయారుచేయడంలో సాయపడటం నా వృత్తి. ఆ పనిలో నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. వ్యాపారం నడుపుతున్నవాళ్లు, కొత్తగా మొదలుపెట్టబోతున్నవాళ్లు, కామర్స్, మేనేజ్‌మెంట్ చదువుతున్న విద్యార్థులు, అందరికీ పనికొచ్చేలా రాయడానికి ప్రయత్నించాను. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

బాహ్య వాతావరణం అంటే ఏమిటి?

మీ చేతిలో లేకపోయినా మీ లెక్కలను మార్చేసేది ఏదైనా బాహ్య వాతావరణమే. వడ్డీ రేటును మీరు నిర్ణయించరు, కానీ వాయిదా మీరే కట్టాలి. చట్టం మీరు చేయరు, కానీ లేబుల్ మార్చాల్సింది మీరే. జనం అలవాట్లు మారమని మీరు చెప్పలేదు, కానీ సరుకు గోడౌన్‌లో మిగిలేది మీకే.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని వ్యాపార పర్యావరణం అని కూడా రాస్తారు. రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. ఏ మాట వాడినా వర్షాలు, చెట్లు, గాలి అందులో ఒక భాగం మాత్రమే. ఈ చిన్న గందరగోళం వల్ల చాలామంది విద్యార్థులు కాలుష్యం గురించి రెండు పేజీలు రాసి ఆపేస్తుంటారు.

పోటీదారులు, కస్టమర్లు కూడా ఇందులోకి వస్తారా?

వస్తారు. దీన్ని రెండు వలయాలుగా ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. దగ్గరి వలయంలో కస్టమర్లు, ముడిసరుకు ఇచ్చేవాళ్లు, పోటీదారులు, డీలర్లు, అప్పు ఇచ్చే బ్యాంకులు ఉంటారు. దూరపు వలయంలో ఆర్థిక వ్యవస్థ, రాజకీయాలు, చట్టాలు, టెక్నాలజీ, జనాభా, ప్రకృతి ఉంటాయి. మొదటిదాన్ని సూక్ష్మ వాతావరణం అని, రెండోదాన్ని స్థూల వాతావరణం అని అంటారు. దగ్గరి వలయంలోని వాళ్లతో మీరు మాట్లాడవచ్చు, బేరమాడవచ్చు, ఒప్పందం రాసుకోవచ్చు. దూరపు వలయంతో ఆ వీలు లేదు.

మార్పు చాలాసార్లు దూరపు వలయంలో పుట్టి, దగ్గరి వలయం ద్వారా మీ గుమ్మంలోకి వస్తుంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2022 మార్చి మొదట్లో దాదాపు సున్నా దగ్గర ఉండేది. 2023 జులై కల్లా అది 5.25–5.50 శాతానికి చేరింది. ఇలాంటి మార్పును చిన్న వ్యాపారి వార్తల్లో చదివినా పెద్దగా పట్టించుకోడు. కొన్ని నెలల తర్వాత, అప్పుల మీద వడ్డీ భారం పెరిగిన ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి, "ఈసారి బిల్లు 30 రోజులకు కాదు, 60 రోజులకు కడతాం" అన్నప్పుడు అది అతని ఇంటి విషయం అవుతుంది. ఆ ఫోన్ రాకముందే దాన్ని ఊహించగలగడమే ఈ విశ్లేషణ చేసే పని.

మాది చిన్న వ్యాపారం. ఇదంతా పెద్ద కంపెనీలకు కదా?

పెద్ద కంపెనీ ఒక దెబ్బ తిన్నా తట్టుకోవడానికి నిల్వలు ఉంటాయి, బాకీ కోసం బ్యాంకులు ఆగుతాయి. చిన్న వ్యాపారానికి రెండు నెలల నగదు కొరత వస్తే చాలు, జీతాలు ఆగిపోతాయి. కాబట్టి అవసరం చిన్నవాళ్లకే ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లకు కావాల్సింది పెద్ద రిపోర్ట్ కాదు. ఒక నోట్‌బుక్, నెలకు రెండు గంటలు చాలు.

పెస్టెల్ అంటే ఏమిటి? ఆ గడుల్లో ఏం రాయాలి?

రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, పర్యావరణ, చట్టపరమైన అంశాలను చెప్పే ఆరు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే పెస్టెల్. దీని మూలం 1967లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ అగ్యిలార్ రాసిన పుస్తకంలో ఉంది. ఆయన చెప్పినవి నాలుగే: ఆర్థిక, సాంకేతిక, రాజకీయ, సామాజిక అంశాలు. అక్షరాల వరుస మారడం, చట్టం, పర్యావరణం చేరడం తర్వాత జరిగాయి. కొందరు నైతిక విలువలను కూడా ఏడో గడిగా కలుపుతారు. గడులు ఆరా, ఏడా అన్న చర్చ మీద టైమ్ వృథా చేయకండి. ఏ దిక్కునూ మరిచిపోకుండా చూసుకోవడానికి ఇదొక చెక్‌లిస్ట్, అంతే.

అసలు చిక్కు గడుల్లో ఏం రాస్తున్నాం అన్నదాంట్లో ఉంది. "టెక్నాలజీ వేగంగా మారుతోంది", "ద్రవ్యోల్బణం పెరుగుతోంది", "వినియోగదారుల అభిరుచులు మారుతున్నాయి." ఈ మూడు వాక్యాలూ ప్రపంచంలో ఏ కంపెనీ రిపోర్ట్‌లో పెట్టినా సరిపోతాయి. అందుకే అవి మీకు పనికిరావు. నేను పాటించే నియమం ఇది: ఒక వాక్యం మీ వ్యాపారంలో ఏ అంకె మారుతుందో, ఏ నిర్ణయం మారుతుందో చెప్పేదాకా అది పూర్తి కాలేదు.

ఉదాహరణకు "ద్రవ్యోల్బణం పెరుగుతోంది" అన్నదాన్ని ఇలా మార్చి చూడండి: "మేం ఏడాదికి ఒకే ధర ఒప్పుకుని సరుకు ఇస్తున్నాం, కానీ ముడిసరుకు మాత్రం ప్రతి నెలా మారే ధరకు కొంటున్నాం. ముడిసరుకు 8 శాతం పెరిగితే ఈ ఒప్పందాల మీద మా లాభం మొత్తం పోతుంది. వచ్చే ఒప్పందంలో ధర సవరణ షరతు పెట్టాలి." ఇప్పుడు దాంట్లో మీ వ్యాపారం కనిపిస్తోంది, చేయాల్సిన పని కూడా తేలింది.

పెస్టెల్ ఉండగా ఐదు శక్తుల విశ్లేషణ ఎందుకు?

రెండూ చూసేవి వేర్వేరు వలయాలు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైఖేల్ పోర్టర్ 1979లో ప్రతిపాదించిన ఐదు శక్తులు దగ్గరి వలయానికి సంబంధించినవి: ఇప్పటికే ఉన్న పోటీ, కొత్తగా రాగలిగేవాళ్లు, ప్రత్యామ్నాయ వస్తువులు, కొనేవాళ్ల బేరమాడే బలం, సరఫరా చేసేవాళ్ల బేరమాడే బలం. ఈ రంగంలో పుట్టే లాభం చివరికి ఎవరి జేబులోకి వెళ్తోంది అన్నది ఇది తేల్చే ప్రశ్న.

ఐదింటిలో జనం ఎక్కువగా తప్పు చేసేది ప్రత్యామ్నాయాల దగ్గర. ప్రత్యామ్నాయం అంటే పక్క కంపెనీ వస్తువు కాదు. అదే అవసరాన్ని వేరే దారిలో తీర్చేది. వ్యాపార పని మీద విమానం ఎక్కేవాళ్లకు ఇంకో విమాన సంస్థ పోటీ, వీడియో మీటింగ్ ప్రత్యామ్నాయం. పోటీదారుడి మీదే కన్నేసి కూర్చుంటే రెండోది కనిపించదు.

ఐదు శక్తులకు తోడుగా ఇంకొకటి చూడమంటాను. మీ వస్తువు అమ్ముడవడానికి ఇంకెవరి వస్తువు బాగా నడవాలి? ప్రింటర్‌కు కంప్యూటర్, ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్ స్టేషన్. వాళ్లు మీకు పోటీ కాదు, సరఫరాదారులూ కాదు. కానీ వాళ్లు కుంటుపడితే మీరూ పడతారు.

స్వాట్‌కు, దీనికి సంబంధం ఏమిటి?

స్వాట్‌లో నాలుగు గడులు ఉంటాయి: బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. మొదటి రెండూ లోపలివి, చివరి రెండూ బయటివి. బాహ్య విశ్లేషణలో తేలినవే ఆ చివరి రెండు గడుల్లోకి వెళ్తాయి. "కొత్త బ్రాంచ్ తెరవడం" అవకాశం కాదు, అది మీ నిర్ణయం. "అక్కడ గిరాకీ పెరుగుతోంది, మనలాంటి వాళ్లు ఇంకా లేరు" అన్నది అవకాశం.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది? డబ్బు పెట్టి రిపోర్టులు కొనాలా?

మొదట్లో అక్కర్లేదు. ఉచితంగా దొరికేదాన్నే ఎవరూ సరిగ్గా చదవడం లేదు.

కేంద్ర బ్యాంకు ప్రకటనలు, ప్రభుత్వ గణాంక సంస్థల లెక్కలు, బడ్జెట్ పత్రాలు అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ ఉపయోగపడేవి మూడు. మొదటిది, స్టాక్ మార్కెట్లో నమోదైన పోటీదారుల వార్షిక నివేదికల్లో రిస్కుల గురించి రాసిన భాగం. వాళ్లు దేనికి భయపడుతున్నారో వాళ్లే రాసి పెడతారు. రెండోది, పోటీదారుల ఉద్యోగ ప్రకటనలు. ఇన్నాళ్లూ ఒకే రకం ఇంజినీర్లను తీసుకున్న కంపెనీ ఉన్నట్టుండి వేరే రకం నిపుణుల కోసం వెతుకుతోందంటే ఏదో మొదలైనట్టే. మూడోది, చట్టాల ముసాయిదాలు.

చట్టాలు ఆకాశం నుంచి ఊడిపడవు. యూరప్ డేటా రక్షణ నిబంధనలకు 2016 ఏప్రిల్‌లో ఆమోదం వచ్చింది, అమల్లోకి వచ్చింది 2018 మే 25న. మధ్యలో రెండేళ్లు ఉంది. అయినా చాలా సంస్థలు చివరి వారాల్లో పరుగులు పెట్టాయి. కస్టమర్లకు ఆ రోజుల్లో వెల్లువలా వచ్చిన ఈమెయిల్స్ గుర్తుండే ఉంటాయి. చట్టపరమైన మార్పు అన్ని మార్పుల్లోకీ ముందే చెప్పి వచ్చే మార్పు. జనాభా మార్పు కూడా అలాంటిదే. ఇంకో 18 ఏళ్లకు కాలేజీలో చేరబోయే పిల్లలు ఈపాటికే పుట్టి ఉన్నారు, లెక్కపెట్టుకోవచ్చు.

వీటన్నిటికంటే విలువైన సమాచారం మీ సొంత మనుషుల దగ్గర ఉంటుంది. ఒక అనుభవం చెబుతాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తయారీ సంస్థకు 40 పేజీల బాహ్య విశ్లేషణ రాసిచ్చాను. గ్రాఫులు, టేబుళ్లు అన్నీ ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే వాళ్ల అతి పెద్ద కస్టమర్ వేరే మెటీరియల్‌కు మారిపోయాడు. నా రిపోర్ట్‌లో ఆ ముచ్చటే లేదు. తర్వాత సేల్స్ కుర్రాడి విజిట్ రిపోర్టులు తిరగేస్తే, ఎనిమిది నెలల ముందే అతను ఒక లైన్ రాసి ఉన్నాడు: "వాళ్ల స్టోర్‌లో వేరే రకం శాంపిళ్లు చూశాను." ఆ లైన్ ఎవరూ చదవలేదు. నేను కూడా అతనితో ఒక్కసారీ మాట్లాడలేదు. అప్పటినుంచి ఏ సంస్థకు వెళ్లినా మొదటి రోజు బయట తిరిగే వాళ్లతోనే కూర్చుంటున్నాను: సేల్స్, సర్వీస్, కొనుగోళ్లు, డ్రైవర్లు.

అంశాలు యాభై తేలాయి. ఏది ముఖ్యమో ఎలా తేల్చాలి?

ప్రతి అంశాన్నీ రెండు ప్రశ్నలు అడగండి. జరిగితే మనమీద ఎంత ప్రభావం? జరుగుతుందో లేదో మనకు ఎంత స్పష్టంగా తెలుసు?

ప్రభావం ఎక్కువ, జరగడం దాదాపు ఖాయం అయితే అది ప్రణాళికలోకి నేరుగా వెళ్లాలి. దాని గురించి చర్చ అనవసరం, పని మొదలుపెట్టాలి. ప్రభావం ఎక్కువే కానీ ఎటు తిరుగుతుందో తెలియకపోతే, మీ అసలు శ్రద్ధ అక్కడ పెట్టాలి. ప్రభావం తక్కువైతే పక్కన పెట్టేయండి. వదిలేయడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ యాభై అంశాలను గమనిస్తున్నాం అంటే ఏదీ గమనించడం లేదనే అర్థం. చిన్న వ్యాపారానికి ఏడెనిమిదికి మించి వద్దు.

ఇంకో ప్రశ్న కూడా కలపండి: ఎంత త్వరగా? ఐదేళ్ల తర్వాత వచ్చే పెద్ద మార్పు కంటే ఐదు నెలల్లో వచ్చే మధ్యరకం మార్పు ముందు తలుపు తడుతుంది.

మార్కులు వేసి లెక్కించే పద్ధతి ఒకటి ఉందట కదా?

ఉంది, బాహ్య అంశాల మూల్యాంకన పట్టిక. ఒక్కో అంశానికి దాని ప్రాధాన్యాన్ని బట్టి వెయిటేజీ ఇస్తారు. అన్నీ కలిపితే 1.0 కావాలి. ఆ అంశానికి కంపెనీ ఎంత బాగా స్పందిస్తోందో 1 నుంచి 4 దాకా రేటింగ్ ఇస్తారు. రెండింటినీ గుణించి మొత్తం కూడతారు. 2.5 సగటు. పరీక్షలో అడుగుతారు కాబట్టి విద్యార్థులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: రేటింగ్ అంశానికి కాదు, కంపెనీ స్పందనకు.

ఆచరణలో ఆ 2.7, 2.9 అంకెలను నేను పెద్దగా నమ్మను. వెయిటేజీలు మనం వేసినవే కదా. కానీ నలుగురు కూర్చుని విడివిడిగా మార్కులు వేసి, తర్వాత పోల్చి చూసుకుంటే చాలా తెలుస్తుంది. ఒకే అంశానికి ఒకరు 1, ఇంకొకరు 4 వేశారంటే అసలు చర్చ మొదలవ్వాల్సింది అక్కడే.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తారా?

అట్టపెట్టెలు తయారుచేసే ఒక యూనిట్ ఉందనుకుందాం. అంకెలు కూడా ఊహించినవే. నెలకు 100 టన్నుల ఉత్పత్తి, అందులో 40 టన్నులు ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లకు వెళ్తుంది. యజమాని రెండో మెషీన్ కోసం అప్పు తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి: విశ్లేషణ ఎప్పుడూ ఒక నిర్ణయం చుట్టూ జరగాలి. నిర్ణయం ఏమీ లేకుండా చేస్తే అది జనరల్ నాలెడ్జ్ అవుతుంది.

నోట్‌బుక్‌లో ఐదు నిలువు వరుసలు గీస్తాం: మార్పు ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, మనదాకా ఏ దారిలో వస్తుంది, ఎంత దెబ్బ లేదా ఎంత లాభం, ఏం కనిపిస్తే మనం కదలాలి.

మొదటి వరుసలో ఇలా రాస్తాం. మార్పు: ఆన్‌లైన్ అమ్మకందారులు చిన్న వస్తువులకు పెట్టెల బదులు కాగితపు కవర్లు వాడటం. ఆధారం: ఇద్దరు కస్టమర్లు కవర్ల గురించి వాకబు చేశారు. దారి: కవరు తేలిక, రవాణాలో తక్కువ చోటు పడుతుంది, కాబట్టి వాళ్లకు ఖర్చు కలిసొస్తుంది. ఎంత: 40 టన్నుల్లో బట్టలలాంటి మెత్తటి సరుకుకు వెళ్లే పెట్టెలు సగం, అంటే 20 టన్నులు. వాటిలో మొదటి ఏడాది నాలుగో వంతు కవర్లకు మారినా నెలకు 5 టన్నుల ఆర్డర్లు పోతాయి. మన పెట్టెల మెషీన్ మీద కవర్లు తయారుకావు. సంకేతం: మొదటి ఐదుగురు కస్టమర్లలో ఇంకొకరు శాంపిళ్లు అడిగితే, రెండో మెషీన్ పెట్టెలదా, కవర్లదా అన్నది మళ్లీ ఆలోచించాలి.

నిజానికి ఆ సంకేతం గడితోనే యజమాని ప్రశ్న మారిపోయింది. "అప్పు తీసుకోవాలా" అని మొదలైనది "దేనికోసం తీసుకోవాలి" దగ్గరికి వచ్చింది.

రెండో వరుస పాత కాగితం గురించి. అట్టకు అది ముఖ్యమైన ముడిసరుకు. చైనా 2018 నుంచి వేరుచేయని పాత కాగితం దిగుమతులు ఆపింది, 2021 జనవరి 1 నుంచి ఘన వ్యర్థాల దిగుమతులన్నిటినీ నిషేధించింది. చైనాకు పాత కాగితం ఎగుమతి చేసే దేశాల్లో అది గుట్టలుగా మిగిలి ధర పడిపోయింది. చైనా మిల్లులకేమో సరుకు కొరత వచ్చింది. ఒకే నిర్ణయం, ఒకచోట ముడిసరుకు చవకైంది, ఇంకోచోట ప్రియమైంది. కాబట్టి "చైనా నిషేధం: ముప్పు" అని గడిలో రాసేస్తే అర్థం లేదు. మనకు అట్ట ఇచ్చే మిల్లు పాత కాగితం ఎక్కడినుంచి తెస్తోంది అని ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆ వరుస నింపగలం.

ఇలా ఆరేడు వరుసలు రాయడానికి ఒక పూట పడుతుంది. పక్కనే ఎవరు గమనించాలో పేరు రాయండి. పేరు లేని వరుసను ఎవరూ చూడరు.

బలహీన సంకేతాలు అంటారు, అవేమిటి?

పెద్ద మార్పు ఒక్కసారిగా రాదు, ముందు అక్కడక్కడా చిన్న ఆనవాళ్లు కనిపిస్తాయి. వాటినే మేనేజ్‌మెంట్ నిపుణుడు ఇగోర్ యాన్సాఫ్ 1975లో బలహీన సంకేతాలు అన్నాడు. సమాచారం పూర్తిగా వచ్చేదాకా ఆగితే స్పందించే టైమ్ మిగలదు, అందుకని సంకేతం బలపడేకొద్దీ మన స్పందనను కూడా మెల్లగా పెంచుకుంటూ పోవాలి అన్నది ఆయన మాటల సారం.

ఆ ఏడాదే ఫొటో ఫిల్మ్ కంపెనీ కొడాక్‌లో స్టీవ్ సాసన్ అనే యువ ఇంజినీర్ డిజిటల్ కెమెరా నమూనా తయారుచేశాడు. బరువు సుమారు మూడున్నర కిలోలు. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీద రికార్డు చేయడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మ 0.01 మెగాపిక్సెల్, మసకమసకగా ఉండేది. ఫిల్మ్‌తో పోలిస్తే ఎందుకూ కొరగాదు. కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మార్పు కొడాక్ ఇంట్లోనే పుట్టింది, వాళ్లు చూడకపోలేదు. చూసినదాన్ని తమ లాభాల మూలమైన ఫిల్మ్ వ్యాపారంతో ముడిపెట్టి నిర్ణయం తీసుకోలేకపోయారు.

ఫ్యూజీఫిల్మ్‌కూ అదే మార్పు ఎదురైంది. వాళ్లు ఫిల్మ్ తయారీలో తమకున్న రసాయన పరిజ్ఞానాన్ని ఎల్‌సీడీ తెరల ఫిల్మ్‌లకు, వైద్య రంగానికి, చర్మ సౌందర్య ఉత్పత్తులకు మళ్లించి నిలబడ్డారు. బయటి మార్పును చదివేటప్పుడు "మనకు ఏం పోతుంది" అన్నదానితో పాటు "మనకు వచ్చిన విద్య ఇంకెక్కడ పనికొస్తుంది" అని కూడా అడగాలి.

ఊహించలేని సంఘటనల సంగతి? వాటికి విశ్లేషణ ఏం చేయగలదు?

2021 మార్చి 23న 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ నౌక సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుంటుందని ఎవరూ చెప్పలేరు. మార్చి 29న అది కదిలేదాకా వందల నౌకలు ఆగిపోయాయి. ఫలానా రోజున ఫలానా నౌక అని చెప్పలేం కానీ, "మా సరుకు మొత్తం ఒకే సన్నటి దారిలో వస్తోంది" అని ముందే రాసుకోగలం. సంఘటనను ఊహించక్కర్లేదు. మన బలహీనత ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే కథ ఒకటుంది. 2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బుకర్కీలో ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీలో పిడుగుపాటు వల్ల మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ పొగ, నీళ్లు చిప్‌లు తయారుచేసే ధూళి లేని గదుల్లోకి చేరి చిప్‌ల నిల్వలను పాడుచేశాయి. ఆ ఫ్యాక్టరీ మీద ఆధారపడిన పెద్ద కస్టమర్లు ఇద్దరు, మొబైల్ ఫోన్లు తయారుచేసే నోకియా, ఎరిక్సన్. ఇద్దరికీ మొదట వచ్చిన కబురు ఒకటే: సుమారు వారం ఆలస్యం.

నోకియా ఆ భాగాలను ప్రత్యేక నిఘా జాబితాలో పెట్టి రోజూ వాకబు చేసింది. ఆలస్యం వారాల్లో తేలదని అర్థమవగానే వేరేచోట్ల చిప్‌లు పట్టుకుంది, కొన్నింటి డిజైన్ మార్చింది. ఎరిక్సన్ ఆ కబురును మామూలు విషయంగా తీసుకుంది, ప్రత్యామ్నాయ సరఫరాదారులూ లేరు. సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయి. 2001లో తన ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపి ఉమ్మడి సంస్థగా పెట్టింది. పిడుగును ఎవరూ ఆపలేరు. తేడా అంతా ఒక చిన్న కబురును ఎవరు ఎంత సీరియస్‌గా తీసుకున్నారన్న దగ్గరే ఉంది.

అదే నోకియా 2007లో ఐఫోన్ వచ్చాక మొదలైన మార్పును అందుకోలేకపోయింది. 2014లో తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు ఇచ్చేసింది. హఠాత్తుగా వచ్చే దెబ్బను పసిగట్టడం ఒక నైపుణ్యం, నెమ్మదిగా కాళ్ల కింద నేల కదిలిపోవడాన్ని గమనించడం ఇంకో నైపుణ్యం. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది వచ్చినట్టు కాదు.

సినారియో ప్లానింగ్ అంటే జోస్యం చెప్పడమా?

కాదు. జోస్యం ఒకే భవిష్యత్తు చెబుతుంది. సినారియోలు రెండు మూడు భవిష్యత్తులను పక్కపక్కన పెట్టి, ఏది వస్తే మనం ఏం చేయాలో ముందే ఆలోచించిపెడతాయి.

చమురు కంపెనీ షెల్‌లో పియెర్ వ్యాక్ బృందం 1970ల మొదట్లో ఈ పని చేసింది. చమురు ఎప్పటికీ చవకగా, పుష్కలంగా దొరుకుతుందన్న నమ్మకం మీద అందరూ ప్రణాళికలు వేస్తున్న రోజులవి. ఉత్పత్తి చేసే దేశాలు సరఫరా తగ్గిస్తే ఏమవుతుందన్న కథను ఆ బృందం మేనేజర్ల ముందు పెట్టింది. 1973 అక్టోబరులో అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం, చమురు ఆంక్షలు వచ్చాయి. పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 1974 జనవరి కల్లా 12 డాలర్ల దగ్గరికి వెళ్లింది. షెల్ మేనేజర్లు ఆ పరిస్థితిని ఒకసారి మనసులో నడిచి చూసినవాళ్లు, అందుకే మిగతావాళ్ల కంటే త్వరగా తేరుకున్నారు.

మీకు మూడు రోజుల వర్క్‌షాప్ అక్కర్లేదు. మీ జాబితాలో ప్రభావం ఎక్కువై, ఎటు తిరుగుతుందో తెలియని అంశాలు రెండు తీసుకోండి. ఒక్కోటి రెండు వైపులా తిరిగినట్టు ఊహిస్తే నాలుగు పరిస్థితులు వస్తాయి. ఒక్కోదాన్లో వచ్చే ఆరు నెలల నగదు ఎలా ఉంటుందో అర పేజీ రాయండి. నాలుగింటిలోనూ మంచిదనిపించే పని ఏదైనా ఉంటే అది రేపే మొదలుపెట్టండి.

ఎంత తరచుగా చేయాలి? ఎవరు చేయాలి?

పూర్తి విశ్లేషణ ఏడాదికి ఒకసారి, బడ్జెట్‌కు ముందు. జాబితాను మాత్రం నెలనెలా చూడాలి. బడ్జెట్ అయిపోయాక చేస్తే ఏమీ మారదు, అంకెలు అప్పటికే గట్టిపడిపోయి ఉంటాయి.

బాధ్యత ఒకరిది ఉండాలి, సమాచారం అందరి దగ్గరనుంచి రావాలి. నిర్ణయం తీసుకునే మనిషి ఆ గదిలో ఉండాలి. బయటి కన్సల్టెంట్ ఒక్కడే చేసుకొచ్చిన విశ్లేషణను ఎవరూ సొంతం చేసుకోరు. ఈ మాట నా వృత్తికి నష్టమే అయినా నిజం.

ఏఐ టూల్స్‌తో చేయించుకోవచ్చా?

మీరు మరిచిపోయిన దిక్కులను గుర్తుచేయడానికి, పొడవైన ముసాయిదా చట్టాన్ని త్వరగా అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. అవి ఇచ్చే అంకెలను, తేదీలను మాత్రం అసలు పత్రంలో చూసుకోకుండా వాడకండి. మీ కస్టమర్ స్టోర్‌లో కనిపించిన వేరే రకం శాంపిళ్ల సంగతి వాటికి తెలియదు. పైగా మీ పోటీదారుడు కూడా అదే ప్రశ్న అడిగి అలాంటి జాబితానే తెచ్చుకుంటాడు.

బయటి వాతావరణాన్ని మనం మార్చలేమా?

కొంతవరకు మార్చగలం. ముసాయిదా దశలో అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చు. పరిశ్రమ సంఘంలో చేరితే ఒక్కరి గొంతు పదిమంది గొంతు అవుతుంది. ప్రమాణాలు రూపొందించే కమిటీల్లో కూర్చున్నవాళ్లకు రేపటి నిబంధన ఇవాళే తెలుస్తుంది.

ఈ వారం ఎక్కడ మొదలుపెట్టాలి?

గత మూడేళ్లలో మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన మూడు సంఘటనలు రాయండి. పోయిన కస్టమర్ కావచ్చు, ఉన్నట్టుండి పెరిగిన ధర కావచ్చు, అనుకోకుండా వచ్చిన పెద్ద ఆర్డర్ కావచ్చు. ఒక్కోదానికి వెనక్కి వెళ్లి, మొదటి ఆనవాలు ఎప్పుడు, ఎవరికి కనిపించిందో కనుక్కోండి. స్టోర్ కీపర్‌ను, డ్రైవర్‌ను, ఫోన్ ఎత్తే అమ్మాయిని అడగండి. మూడింట్లో కనీసం ఒకదానికి మీ సిబ్బందిలోనే ఎవరో ఒకరు "నేను అప్పుడే అనుకున్నానండీ" అనే అవకాశం చాలా ఎక్కువ. మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆ మనిషితో కూర్చుని రాయండి.